సోదర సంఘాల ఖజానా: మరణ చందా నుంచి నిల్వ నిధి దాకా

లాభాపేక్ష లేని సోదర సంఘానికి వాటాదారులుండరు. సభ్యులే యజమానులు, సభ్యులే లబ్ధిదారులు. ఊరూరా లాడ్జీలు, వాటి నుంచి ఎన్నికైన ప్రతినిధుల మహాసభ, కొత్తగా చేరేవారికి దీక్షలాంటి ఒక తంతు, సభ్యుడు జబ్బుపడినా చనిపోయినా అతని కుటుంబానికి సొమ్ము: అమెరికా చట్టాలు ఇటువంటి సంఘాన్ని గుర్తించే ఆనవాళ్లు ఇవే. వీటి చరిత్ర రాసినవాళ్లు చాలామంది రహస్య సంకేతాల గురించీ ఊరేగింపుల గురించీ రాశారు. లెక్కల పుస్తకాల వైపు నుంచి చూస్తే వేరే చరిత్ర కనిపిస్తుంది, నా దృష్టిలో అదే అసలైనది. రెండు శతాబ్దాలకు పైగా ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఈ సంఘాలు ఒకే సమస్యతో పెనుగులాడాయి. ఇవాళ పోగుచేసిన చందాతో ఇవాళ్టి కష్టం తీర్చడం వాటికి బాగా తెలుసు. నలభై ఏళ్ల తరవాత తీర్చవలసిన మాటకు ఇవాళే డబ్బు పక్కన పెట్టడం మాత్రం ఎంతో నష్టపోయాక గాని తెలిసిరాలేదు. సోదరభావం నిర్వహణ ఖర్చును తగ్గించింది, మోసాన్ని అరికట్టింది, పేదవాడికి బీమాను అందుబాటులోకి తెచ్చింది. అదే సోదరభావం సభ్యుల వయసు పెరుగుతోందన్న సంగతిని లెక్కలోకి రాకుండా అడ్డుపడింది కూడా. వయసును లెక్కలోకి తీసుకున్న సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి, మిగిలినవి చాలావరకు పోయాయి.

మొదటి ప్రయోగశాల ఇంగ్లండు. అక్కడి పనివాళ్లు వారంవారం కొన్ని పెన్నీలు వేసుకుని, జబ్బుపడినవాడికి కూలి బదులు కొంత సొమ్ము, చనిపోయినవాడికి అంత్యక్రియల ఖర్చు ఇచ్చుకునే సంఘాలు 18వ శతాబ్దం నాటికే వేల సంఖ్యలో ఉండేవి. జార్జ్ రోజ్ ప్రవేశపెట్టిన 1793 నాటి చట్టం వాటికి గుర్తింపునూ, నిధులకు రక్షణనూ ఇచ్చింది. పేదల పోషణ భారం పారిష్ పన్ను మీద పడకుండా ఉంటుందన్న ఆశ కూడా ఆ చట్టం వెనుక ఉంది. అయితే పాతికేళ్లవాడూ నలభై ఏళ్లవాడూ ఒకే చందా కట్టే పద్ధతి సంఘం కొత్తగా ఉన్నన్నాళ్లే సాగింది. జబ్బు రోజులు వయసుతో పాటు పెరుగుతాయి. సభ్యులందరూ ముసలివాళ్లయ్యే వేళకు పెట్టె ఖాళీ అయ్యేది. 1810లో పుట్టి దేశంలోకెల్లా పెద్దదిగా ఎదిగిన ఆడ్ ఫెలోస్ మాంచెస్టర్ యూనిటీకి 1840లలో ఈ మాట గట్టిగా వినిపించింది. లాడ్జీలు తమ లెక్కలను కేంద్రానికి పంపాలన్న ఆదేశం మీద సంఘమే చీలిపోయింది. కోపగించినవాళ్లు బయటకు వెళ్లి వేరే సంఘం పెట్టుకున్నారు. మిగిలినవాళ్లు పంపిన లెక్కల ఆధారంగా సంఘ కార్యదర్శి హెన్రీ ర్యాట్‌క్లిఫ్ 1850లో జబ్బు, మరణాల పట్టికలు ప్రచురించాడు. అతను విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గణితవేత్త కాడు, సంఘం పనిలోనే తేలినవాడు. 1871 నాటికి లాడ్జీలన్నింటినీ మదింపు వేస్తే లోటు 13 లక్షల పౌండ్లకు పైనే తేలింది. ఆ అంకెను దాచకుండా బయటపెట్టడం, తరవాతి దశాబ్దాల్లో చందాలను వయసుకు తగినట్టు సవరించుకోవడం మాంచెస్టర్ యూనిటీని నిలబెట్టాయి. 1875 చట్టం నమోదైన సంఘాలన్నింటికీ అయిదేళ్లకోసారి మదింపును తప్పనిసరి చేసింది.

అమెరికా ఈ పాఠాన్ని అరువు తెచ్చుకోలేదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. 1868 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో జాన్ జోర్డాన్ అప్‌చర్చ్ అనే రైల్వే మెకానిక్ ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్‌ను స్థాపించాడు. దాని బీమా ఏర్పాటు ఒక్క వాక్యంలో చెప్పేంత తేలిక. సభ్యుడు చేరేటప్పుడు ఒక డాలరు నిధిలో వేస్తాడు. ఎవరైనా చనిపోతే ఆ నిధి కుటుంబానికి పోతుంది, మిగిలినవాళ్లు తలా ఒక డాలరు వేసి దాన్ని మళ్లీ నింపుతారు. వయసు తేడా లేదు, ముందస్తు నిల్వ లేదు, ఏజెంటు కమీషను లేదు. త్వరలోనే ఈ సంఘం చనిపోయిన సభ్యుడి కుటుంబానికి 2,000 డాలర్ల దాకా ఇవ్వగలిగింది. అప్పటి కూలివాడి కుటుంబానికి అది కొన్నేళ్ల సంపాదన. నైట్స్ ఆఫ్ ఆనర్ 1873లో, రాయల్ ఆర్కేనమ్ 1877లో, మోడరన్ వుడ్‌మెన్ 1883లో ఇదే దారిలో వచ్చాయి. కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ అనే క్యాథలిక్ పూజారి 1882లో నైట్స్ ఆఫ్ కొలంబస్‌ను పెట్టాడు. ఇంటి పెద్ద చనిపోతే వీధిన పడుతున్న వలస కుటుంబాల దుస్థితి దానికి మూలం. పోలిష్, చెక్, స్లోవాక్ వలసదారులూ తమ తమ భాషల్లో సంఘాలు కట్టుకున్నారు. 1920 ప్రాంతంలో అమెరికాలో ప్రతి ముగ్గురు వయోజన పురుషుల్లో ఒకడు ఏదో ఒక సోదర సంఘంలో సభ్యుడని చరిత్రకారుడు డేవిడ్ బైటో అంచనా.

అప్‌చర్చ్ తన సంఘాన్ని మొదలుపెట్టిన ఆ 1868లోనే న్యూయార్క్‌లో షెపర్డ్ హోమన్స్ తయారుచేసిన మరణాల పట్టిక అచ్చయింది. తరవాత చాలా దశాబ్దాల పాటు అమెరికా బీమా రంగానికి అదే ప్రమాణం. దాని ప్రకారం ముప్పై ఏళ్ల వయసున్న వెయ్యిమందిలో ఏడాదికి 8.43 మంది చనిపోతారు. నలభైలో 9.79, యాభైలో 13.78, అరవైలో 26.69, డెబ్బైలో 61.99. వెయ్యిమంది సభ్యులు, ఒక్కో మరణానికి వెయ్యి డాలర్లు, తలకొక డాలరు అనుకుంటే, ఈ అంకెలే ఒక్కో సభ్యుడు ఏడాదికి కట్టవలసిన డాలర్లు. ముప్పై నుంచి యాభై దాకా పెరుగుదల అంతగా తెలియదు. అందుకే మొదటి ఇరవై ఏళ్లూ ఈ సంఘాలు బీమా కంపెనీలను చూసి జాలిపడ్డాయి. కంపెనీలు ఇరవై డాలర్లు తీసుకునే చోట మేం పది తీసుకుంటున్నాం, మిగతాది వాళ్ల లాభమూ వాళ్ల భవనాల ఖర్చూ అని నమ్మాయి, అలాగే ప్రచారమూ చేసుకున్నాయి. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1905లో న్యూయార్క్ శాసనసభ విచారణ పెద్ద కంపెనీల దుబారాను బయటపెట్టింది కూడా. కానీ ఆ తేడాలో అధిక భాగం లాభం కాదు, అరవయ్యో ఏటికీ డెబ్బయ్యో ఏటికీ ముందుగా దాచిన సొమ్ము. అలా దాచడాన్ని మసాచుసెట్స్ 1858లోనే ఎలిజర్ రైట్ చొరవతో కంపెనీలకు తప్పనిసరి చేసింది. సోదర సంఘాలు వ్యాపార సంస్థలు కావన్న కారణంతో బీమా చట్టాల నుంచి మినహాయింపు పొందాయి. మినహాయింపు ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే అయినా, సభ్యుడికి అత్యవసరమైన రక్షణ దానివల్ల పోయింది.

దీనికి సంఘాల నాయకుల దగ్గర ఒక సమాధానం ఉండేది, అది తెలివితక్కువ సమాధానం కాదు. ముసలివాళ్లు పోతుంటారు, పడుచువాళ్లు చేరుతుంటారు, కొత్త రక్తం ఎక్కుతున్నంత కాలం సగటు వయసు పెరగదు, కనుక నిల్వ నిధి అనవసరం అన్నారు. పై పట్టికతోనే దీన్ని పరీక్షించవచ్చు. ప్రతి ఏడూ అదే సంఖ్యలో పాతికేళ్లవాళ్లు చేరుతున్నారనీ, చచ్చేదాకా ఎవరూ విడిచి వెళ్లరనీ అనుకుందాం. సంఘానికి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి కోరలేం. పాతికేళ్లవాడి సగటు శేష జీవితం ఆ పట్టికలో 38.81 సంవత్సరాలు. సంఘం స్థిరపడ్డాక ఏడాదికి వెయ్యిమందికి మరణాల సంఖ్య వెయ్యిని 38.81తో భాగిస్తే వచ్చేంత, అంటే 26కు కాస్త తక్కువ. చేరే పాతికేళ్లవాడి అసలు రిస్కు వెయ్యికి 8.06 మాత్రమే. తన రిస్కుకు మూడింతలు కట్టమంటే అతను ఆ సంఘంలో చేరడు, వీధి చివర కొత్తగా పెట్టిన, అందరూ పడుచువాళ్లే ఉన్న సంఘంలో చేరతాడు. పడుచువాళ్లు రావడం తగ్గితే చందా ఇంకా పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇంకా వెళ్లిపోతారు, జబ్బువాళ్లూ ముసలివాళ్లూ మిగులుతారు. సగటు వయసును తొలినాటి స్థాయిలోనే నిలపాలంటే చేరేవాళ్ల సంఖ్య ఏటికేడు ఎడతెగకుండా పెరుగుతూ పోవాలి. ఏ ఊళ్లోనూ అంతమంది పడుచువాళ్లు ఉండరు. ఇవాళ్టి చందాతో ఇవాళ్టి బాకీ తీర్చే పద్ధతి అసలే నడవదని దీని అర్థం కాదు. చేరడం తప్పనిసరైతే నడుస్తుంది. 1935 నాటి అమెరికా సామాజిక భద్రతా చట్టం ఆచరణలో ప్రధానంగా అలాగే నడిచింది. పడుచు కార్మికుడు దానినుంచి తప్పుకోలేడు. ప్రభుత్వం చేయగలిగిన ఆ బలవంతం స్వచ్ఛంద సంఘం చేయలేదు. కనుకనే దానికి నిల్వ నిధి కావాలి.

నిల్వ లేకుండా చౌకగా నడవడానికి మరో ఉపాయం సభ్యులను ఏరుకోవడం. మోడరన్ వుడ్‌మెన్ తొలి రోజుల్లో ఆరోగ్యకరమైనవని తేలిన పన్నెండు రాష్ట్రాలకే పరిమితమైంది. షికాగో వంటి పెద్ద నగరాలవాళ్లను దూరంగా పెట్టింది. రైలు బ్రేకుమన్లు, తుపాకిమందు కార్మికులు, సారా దుకాణదారులు, వృత్తిగా బేస్‌బాల్ ఆడేవాళ్లు పనికిరారంది. ఇదంతా రిస్కు లెక్క అని సమర్థించుకోవచ్చు. తెల్లజాతి పురుషులకే ప్రవేశమన్న నిబంధనను అలా సమర్థించలేం. అప్పటి పెద్ద సంఘాలు దాదాపు అన్నింటిలోనూ అది ఉంది. వాటి ఆర్థిక విజయాల గురించి చెప్పేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం చరిత్రకు అన్యాయం. సోదరులెవరో కానివాళ్లెవరో ముందే గీత గీసుకుని, గీత లోపలివాళ్లకు చౌకగా ఇవ్వడం అంత పెద్ద ఘనత కాదు.

గీత బయట మిగిలినవాళ్లు తమ సంఘాలు తామే కట్టుకున్నారు. వాటి ఖజానా చరిత్ర ఇంకో పాఠం చెబుతుంది. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో విలియం వాషింగ్టన్ బ్రౌన్ నాయకత్వంలో ఎదిగిన ట్రూ రిఫార్మర్స్ నల్లజాతి సంఘాల్లో అగ్రగామి. బానిసగా పుట్టిన బ్రౌన్ 1888లో సంఘానికి బ్యాంకు అనుమతి సంపాదించాడు, మరుసటి ఏడు బ్యాంకు తెరిచాడు. నల్లజాతివాళ్ల సొంత బ్యాంకుల్లో అది తొలితరం. హోటలు, దుకాణం, పత్రిక, వృద్ధాశ్రమం ఒకటొకటిగా దానికి తోడయ్యాయి. 1910లో బ్యాంకు కూలింది. పూచీకత్తు లేకుండా సంఘం సొంత వ్యాపారాలకే అప్పులివ్వడం, లోపలి ఉద్యోగి డబ్బు కాజేయడం అందుకు కారణాలు. ఇక్కడ దెబ్బతీసింది వయసు లెక్క కాదు, ఒకే చేయి అప్పు ఇస్తూ అదే చేయి అప్పు పుచ్చుకోవడం. అదే ఊళ్లో ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ పగ్గాలు 1899లో మ్యాగీ లీనా వాకర్ చేతికి వచ్చేసరికి ఖజానాలో 31 డాలర్ల 61 సెంట్లు ఉన్నాయి, బాకీ 400 డాలర్ల దాకా ఉంది. ఆమె సభ్యత్వాన్ని పెంచింది, పత్రిక పెట్టింది, 1903లో పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచి అమెరికాలో బ్యాంకు అధ్యక్షురాలైన తొలి మహిళల్లో ఒకరిగా నిలిచింది. ఆమె పెట్టిన డిపార్ట్‌మెంటు స్టోరు నష్టపోయి కొన్నేళ్లకే మూతపడింది. బ్యాంకు మాత్రం ఆ నష్టంతో మునిగిపోలేదు. ట్రూ రిఫార్మర్స్ పతనం తరవాత వర్జీనియా చట్టం బ్యాంకునూ సోదర సంఘాన్నీ విడదీయమంది, సెయింట్ లూక్ బ్యాంకు అలాగే విడిపోయి బతికింది. మహా మాంద్యంలో ఇతర నల్లజాతి బ్యాంకులతో కలిసి కన్సాలిడేటెడ్ బ్యాంకుగా కొనసాగింది. చట్టం విధించిన కట్టుబాటు ఒక్కోసారి సంఘానికి అవమానంగా తోస్తుంది, కానీ ఈ ఉదంతంలో అది చేసింది ప్రాణరక్షణ.

పెద్ద తెల్లజాతి సంఘాలు కూడా లోపలి నుంచే దిద్దుబాటు మొదలుపెట్టాయి. ఇంత కాలం తరవాత చూసినా వాటి పట్ల గౌరవం కలిగించే అధ్యాయం ఇదే. 1886లో ఏర్పడిన నేషనల్ ఫ్రాటర్నల్ కాంగ్రెస్ సభ్య సంఘాల అనుభవాన్ని కూర్చి 1890ల చివర సొంత మరణాల పట్టిక తయారుచేసింది. అందులోని మరణాల రేటు హోమన్స్ పట్టిక కన్నా తక్కువ. ఏరుకున్న సభ్యులు కనుక అది సహజమే. అయినా ఆ తక్కువ రేటు ప్రకారం చూసినా చాలా సంఘాల చందాలు చాలవని తేలింది. ఈ నిజాన్ని మహాసభలో చెప్పడం ఒక ఎత్తు, సభ్యుడి ఇంటికి బిల్లుగా పంపడం ఇంకో ఎత్తు. రాయల్ ఆర్కేనమ్ 1905లో రేట్లు పెంచితే, ఇరవై ఏళ్లకు పైగా తక్కువ రేటు కట్టిన పాత సభ్యుడొకరు ఇది మాట తప్పడమేనని కోర్టుకెక్కాడు. న్యూయార్క్ కోర్టులు అతని పక్షాన నిలిచాయి. 1915లో అమెరికా సుప్రీంకోర్టు సంఘం పక్షాన తీర్పు చెప్పింది. సభ్యుడు సంఘంతో బేరం కుదుర్చుకున్న బయటివాడు కాడనీ, అందరి నిధిలో అందరి హక్కులూ ఒకే చట్టం కింద తేలాలనీ ఆ తీర్పు సారాంశం. పది లక్షలకు పైగా సభ్యులున్న మోడరన్ వుడ్‌మెన్ 1912లో షికాగోలో ప్రత్యేక సమావేశం పెట్టి రేట్లు పెంచినప్పుడైతే సభ్యులు ఏకంగా తిరగబడ్డారు. ఆ రేట్లు అమలుకు రాలేదు. సరిపడా రేట్లకు చేరడానికి ఆ సంఘానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ తిరుగుబాట్లను అజ్ఞానమని కొట్టిపారేయలేం. ముప్పై ఏళ్లు చందా కట్టిన అరవై ఏళ్లవాడికి రేటు రెండింతలైందని చెబితే, అతనికి వేరే చోట బీమా దొరకదు, వెనక్కి పోయే వయసూ లేదు. ముప్పై ఏళ్లూ అతను తక్కువే కట్టాడన్నది అంకెల్లో నిజం. ఆ తక్కువ రేటును నిర్ణయించింది మాత్రం అతను కాదు. కనుక రేట్లు పెంచడం తప్పు కాదు, ఇరవై ఏళ్లు ఆలస్యంగా పెంచడం తప్పు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది నాయకులు కాదు, బతికి ఉన్న పాపానికి వృద్ధ సభ్యులు చెల్లించారు. 1890లలో లక్షకు పైగా సభ్యులున్న నైట్స్ ఆఫ్ ఆనర్ 1916లో మూతపడింది. 1902 నాటికి నాలుగు లక్షలు దాటిన అప్‌చర్చ్ సంఘం కూడా తరవాతి పాతికేళ్లలో ముక్కలైపోయింది. బతికినవాటికి దారి చూపింది 1910లో అలబామాలోని మొబీల్‌లో రాష్ట్రాల బీమా కమిషనర్లూ సంఘాల ప్రతినిధులూ కలిసి కుదుర్చుకున్న నమూనా చట్టం, 1912లో దానికి చేసిన సవరణలు. ఏటా మదింపు వేసి సభ్యులకు తెలపాలి, లోటు క్రమంగా తగ్గుతున్నట్టు చూపాలి, కొత్తవాళ్ల దగ్గర తక్కువ రేటు తీసుకోకూడదు అన్నవి దాని ముఖ్యాంశాలు.

యాదృచ్ఛికమే గాని, బ్రిటిష్ ఇండియా ప్రావిడెంట్ ఇన్సూరెన్స్ సొసైటీల చట్టం తెచ్చిందీ 1912లోనే. చిన్న చందాలతో మరణానికీ పెళ్లికీ సొమ్ము ఇస్తామనే సంఘాలు ఇక్కడా పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో చాలా మటుకు వసూలైనదాన్ని ఆ ఏడు హక్కుదారులకు పంచిపెట్టేవే. ఇంత ఇస్తామన్న కచ్చితమైన మాట లేదు, నిల్వ లేదు. 1938 నాటి బీమా చట్టం 52వ సెక్షను ఆ పంపకం పద్ధతి మీద బీమా వ్యాపారం చేయడాన్నే నిషేధించింది. అంటే మీడ్‌విల్ నమూనాకు అతి దగ్గరి బంధువును మన చట్టం అనుమతించదు. తెలుగు రాష్ట్రాల్లో ఆఫీసుల్లోనూ వృత్తి సంఘాల్లోనూ సహోద్యోగి చనిపోతే తలా ఇంత వేసుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. ఉత్తర అమెరికాలో 1977 నుంచి ఉన్న తానా వంటి సంఘాలు అక్కడ చనిపోయిన తెలుగువాళ్ల కుటుంబాలకు విరాళాలు పోగుచేయడంలో తోడ్పడుతున్నాయి. ఇవి దానాలు, ముందే ఇచ్చిన మాటలు కావు. కనుక వాటికి నిల్వ అవసరం లేదు. ఎవరైనా వాటిని ఇంత మొత్తం తప్పక ఇస్తామనే హామీగా మార్చిన రోజు, 1868 నుంచి 1912 దాకా జరిగిన కథ వాళ్లకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. నిల్వ నిధి, యాక్చువరీ (బీమా గణితవేత్త), వయసు రేట్లు, ఏటేటా మదింపు అన్నీ చేరాక సోదర సంఘానికీ బీమా కంపెనీకీ తేడా ఏముంది? తేడా ఖర్చు పుస్తకంలో ఉంది. కంపెనీలో మిగులు వాటాదారుకు పోతుంది, లేదా పాలసీదారుకు బోనసుగా తిరిగి వస్తుంది. సంఘంలో కొంత ఉమ్మడి పనికి పోతుంది. మోడరన్ వుడ్‌మెన్ 1909లో కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర తెరిచిన క్షయ ఆసుపత్రి సభ్యులకు ఉచితంగా వైద్యం చేసింది, 1947 దాకా నడిచింది. మూస్ సంఘం 1913లో ఇల్లినాయిలో మూస్‌హార్ట్ అనే పిల్లల పల్లె కట్టి, చనిపోయిన సభ్యుల బిడ్డలను చదివించింది. జబ్బు సొమ్ము ఇచ్చే లాడ్జీల్లో మరో ఆదా ఉంది. జబ్బుపడినవాడి ఇంటికి ప్రతి వారం ఒక సభ్యుడు వెళ్లి చూసివచ్చేవాడు. అది పరామర్శా, తనిఖీ కూడా. పొరుగున ఉండి అన్నీ చూసే తోటి సభ్యుడి కన్ను తప్పించుకుని దొంగ జబ్బు నటించడం కష్టం. ఏ కంపెనీ ఇన్‌స్పెక్టరూ అంత చౌకగా అంత బాగా ఆ పని చేయలేడు. అలాగే వీధి మీది ఆడ్ ఫెలోస్ భవనాల్లో పై అంతస్తులో లాడ్జి, కింద అద్దెకిచ్చిన దుకాణాలు ఉండేవి. సభ్యత్వం తగ్గిన రోజుల్లో ఆ అద్దె చాలా లాడ్జీలను నిలబెట్టింది. మరమ్మతు ఖర్చు అద్దెను మించాక ఆ భవనాలే భారమయ్యాయి, ఎన్నో అమ్ముడుపోయాయి.

ఈ సంఘాల క్షీణతకు కారణం ప్రభుత్వ సంక్షేమమే అని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఇంగ్లండులో ఆ వాదానికి బలముంది. 1911 జాతీయ బీమా చట్టం లాయిడ్ జార్జ్ హయాంలో ఈ సంఘాలను ప్రభుత్వ పథకానికి పంపిణీదారులుగా మార్చింది, 1946 చట్టం ఆ పాత్రను కూడా తీసేసింది. ఆ తరవాత సామాన్యుడికి లాడ్జిలో చేరవలసిన అవసరమే తగ్గింది. అమెరికాలో కాలక్రమం అంత సూటిగా లేదు. సామాజిక భద్రత వచ్చింది 1935లో. చందాల సంక్షోభం దానికి పాతికేళ్ల ముందే వచ్చింది. 1910ల నుంచి యజమానులు కార్మికులకు గ్రూప్ బీమా కొనిపెట్టడం మొదలైంది. తలకు ఏడాదికి ఇంత అని డాక్టరుతో ఒప్పందం చేసుకునే లాడ్జి వైద్యాన్ని వైద్యుల సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ప్రభుత్వం వచ్చేసరికే చాలా సంఘాలు రక్తం కోల్పోయి ఉన్నాయని ఆధారాలు చెబుతున్నాయి. లెక్క సరిచేసుకున్నవి ప్రభుత్వ పథకాలు వచ్చాక కూడా పెరిగాయి. అవ్వాళ వెయ్యి డాలర్ల హామీతో మొదలైన నైట్స్ ఆఫ్ కొలంబస్‌లో అమలులో ఉన్న బీమా మొత్తం ఇప్పుడు పదివేల కోట్ల డాలర్లను దాటింది. రెండు లూథరన్ సంఘాలు 2002లో కలిసి ఏర్పడిన థ్రైవెంట్ అమెరికాలోని అతిపెద్ద ఆర్థిక సంస్థల్లో ఒకటి.

అంత పెద్దవయ్యాక పన్ను మినహాయింపు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 1909 నాటి కార్పొరేట్ పన్ను చట్టం నుంచీ లాడ్జి పద్ధతిలో నడిచే సోదర సంఘాలకు మినహాయింపు ఉంది. బీమా ఇచ్చేవి పన్ను చట్టం 501(సి)(8) కింద, 1969 సవరణ తరవాత బీమా ఇవ్వకుండా దానధర్మాలకే మిగులు ఖర్చుచేసేవి 501(సి)(10) కింద వస్తాయి. 1986లో కాంగ్రెసు బ్లూ క్రాస్ వంటి లాభాపేక్ష లేని ఆరోగ్య బీమా సంస్థల పూర్తి మినహాయింపును తీసేసింది. సోదర సంఘాల మినహాయింపును ఉంచి, పరిశీలించి చెప్పమని ఆర్థిక శాఖను అడిగింది. 1993 నాటి ఆ శాఖ నివేదిక పెద్ద సంఘాల బీమా వ్యాపారం వాణిజ్య కంపెనీల వ్యాపారాన్ని పోలి ఉందని గమనించింది. మినహాయింపు మాత్రం కొనసాగింది. దానికి నా దృష్టిలో ఒకే సమర్థన ఉంది: మాఫీ అయిన పన్నుకు తగినంత విలువ లాడ్జీల ద్వారా సమాజానికి చేరాలి, ఆ లెక్క ఏటా బహిరంగంగా ఉండాలి. చేరని చోట మినహాయింపు పాత పేరుకు కట్టే అద్దె మాత్రమే.

ఈ సంఘాల నేటి పాలసీ పత్రాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది, సభ్యుల్లో దాన్ని చదివేవాళ్లు తక్కువ. సంఘం నిల్వలు బాధ్యతలకు చాలకపోతే లోటులో తన వాటాను ప్రతి సభ్యుడూ భరించాలని పాలకవర్గం నిర్ణయించవచ్చు. నగదుగా కట్టనివాడి వాటాను అతని పాలసీ మీద అప్పుగా రాసి వడ్డీ వేస్తారు, లేదా అతనికి రావలసిన మొత్తాన్ని ఆ మేరకు తగ్గిస్తారు. కంపెనీ దివాలా తీస్తే పాలసీదార్లను ఆదుకునే రాష్ట్ర గ్యారంటీ నిధులు చాలా రాష్ట్రాల్లో ఈ సంఘాలకు వర్తించవు కనుక, ఆ షరతే వాటి చివరి పూచీ. నిల్వలు నిండుగా ఉన్నంత కాలం అది కాగితం మీదే ఉంటుంది.